వెలుగు తగ్గితే విషం ఉన్నట్టేనా?

ప్రశ్న: సార్, మాది పటాన్‌చెరు దగ్గర. మా బాబు మైక్రోబయాలజీ చదువుతుండు. మందుల కంపెనీల నుంచి వచ్చే నీళ్ళల్ల విషముందో లేదో బ్యాక్టీరియా చెప్తదని అంటుండు. బ్యాక్టీరియాని చంపే మందులే కదా అవి, మరి అదెట్ల చెప్తది? మా బోరు నీళ్ళు కూడ అట్ల చూపించుకోవచ్చా?

జవాబు: మీ అనుమానంలోనే సగం జవాబుందండీ, బ్యాక్టీరియాకి దెబ్బ తగలడమే మనకి కావాల్సిన కబురు. అలివిబ్రియో ఫిషరీ అని సముద్రపు బ్యాక్టీరియా ఒకటుంది, ఆరోగ్యంగా ఉన్నంతసేపూ తనంతట తనే వెలుగుతూ ఉంటుంది, బాగా పెరిగిన ఫ్లాస్కుని చీకటి గదిలో పెట్టి కళ్ళు కాస్త అలవాటు పడనిస్తే నీలమూ ఆకుపచ్చా కలిసిన ఆ వెలుగు మామూలుగానే కనిపిస్తుంది. విషం తగిలిందా, వెలుగు తగ్గిపోతుంది. శాంపిల్‌లో 2 శాతం ఉప్పు ఉండేలా చూసి, 15 డిగ్రీల దగ్గర ఉంచి, 15 నిమిషాలకి ఒకసారి, 30 నిమిషాలకి ఇంకోసారి మీటర్‌తో కొలుస్తారు. వెలుగుని సగానికి పడేసే మోతాదే ఈసీ50, ఈ అంకె ఎంత చిన్నదైతే విషం అంత ఎక్కువ, చాలామంది దీన్ని తిరగేసి చదువుతారు. నీళ్ళు రంగుగా, మురికిగా ఉన్నా మీటర్‌కి వెలుగు తక్కువగానే కనిపిస్తుంది కాబట్టి ఆ తేడా లెక్కలోంచి తీసేయాలి.

మరి పెద్ద పెద్ద మెషీన్లు ఉన్నాయి కదా అంటారేమో, అవి మామూలుగా మనం పేరు పెట్టి అడిగిన మందు ఎంతుందో చెప్తాయి, అన్నీ కలిసి ఒక ప్రాణిని ఏం చేస్తాయో చెప్పలేవు. బ్యాక్టీరియాకి పేర్లతో పనిలేదు, అన్నిటి దెబ్బా ఒకేసారి చూపిస్తుంది.

కానీ మీ ఏరియాకి ముఖ్యమైన మాట ఇది. 2007లో అచ్చయిన ఒక స్టడీలో పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటర్‌కి 31 మిల్లీగ్రాముల దాకా దొరికింది, అంటే పదహారు లీటర్ల బకెట్‌లో ఒక 500 మిల్లీగ్రాముల టాబ్లెట్ కరిగించినట్టు, అదీ శుద్ధి చేశాక! ఈ మందు డీఎన్ఏ పనిని అడ్డుకుంటుంది, ఆ దెబ్బ అరగంటలో బయటపడదు, బ్యాక్టీరియా అప్పటికింకా వెలుగుతూనే ఉండొచ్చు. అందుకే యాంటీబయోటిక్స్ ఉన్నచోట అరగంట టెస్ట్ ఒక్కటే చేసి విషం లేదని రాసిస్తే నేను ఒప్పుకోను, 24 గంటలు ఉంచి చూడాలి. ఇంకో దారి, ఈ.కోలై అనే ఇంకో బ్యాక్టీరియాలో రెక్‌ఏ అనే జీన్ స్విచ్‌కి వెలుగు జీన్లు తగిలిస్తారు, డీఎన్ఏకి దెబ్బ తగిలితేనే అది గట్టిగా వెలుగుతుంది, అంటే ఇక్కడ వెలుగు పెరిగితే ప్రమాదం. మీ బాబుని ఈ రెండూ పక్కపక్కన పెట్టి చేయమనండి, ప్రాజెక్టు చాలా బాగా వస్తుంది.

బోరు నీళ్ళ సంగతంటే, టీడీఎస్ మీటర్ ఈ మందుల్ని పట్టుకోలేదు, అది కరిగిన లవణాల అంచనా మాత్రమే ఇస్తుంది, కాచినా క్రిములు పోతాయి గానీ మందులు పోతాయని నమ్మకం లేదు. ఇది ఇంట్లో అయ్యే పరీక్ష కాదు, మీ కాలనీవాళ్ళంతా కలిసి శాంపిల్ ల్యాబ్‌కి ఇవ్వండి, మందుల పేర్లతో మెషీన్ టెస్ట్ కూడా అడగండి, రిపోర్ట్ చేతికొచ్చాక ఏ బ్యాక్టీరియా వాడారు, ఎన్ని గంటలు ఉంచారు అని తప్పకుండా అడగండి.