రవ్వలు గీతల్లా రావాలంటే...

ప్రశ్న: ఇంటి వెనక రేకుల షెడ్డులో నాన్న గేట్లు, కిటికీ గ్రిల్స్ చేస్తుంటారు. కటింగ్ మెషిన్ నుంచి నిప్పురవ్వలు చిమ్మేటప్పుడు ఫోన్‌తో ఫొటో తీస్తే తెల్లటి మచ్చలా వస్తోంది. బంగారు గీతల్లా రావాలంటే ఏం చేయాలి? వెల్డింగ్ కూడా అలాగే తీయొచ్చా?
– ఓ పాఠకుడు, అనకాపల్లి

జవాబు: ఇది ఆటో మోడ్ చేసే పని. షెడ్డు చీకటిగా ఉందని ఐఎస్ఓ (కెమెరా వెలుతురుకు ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) పెంచేస్తుంది. దాంతో గోడలు కనిపిస్తాయి కానీ రవ్వలు తెల్లగా మాడిపోతాయి. నైట్ మోడ్ జోలికీ పోవద్దు. అది చాలా ఫ్రేములు కలిపి ఒక ఫొటో చేస్తుంది కాబట్టి గీతలు ముక్కలు ముక్కలుగా రావచ్చు.

కెమెరాలో సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్ తెరిచి ఐఎస్ఓని 50కో 100కో, ఫోన్‌లో ఎంత తక్కువ ఉంటే అంతకు దించండి. షట్టర్ (కెమెరా వెలుతురు తీసుకునే సమయం) 1/25 సెకను దగ్గర మొదలుపెట్టండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. షట్టర్ ఎక్కువసేపు తెరిస్తే రవ్వ వెలుగు పెరగదు, ఎందుకంటే అది ఒకచోట ఆగదు కదా! పెరిగేవి గీత పొడవు, గీతల సంఖ్య, వెనకున్న షెడ్డు వెలుతురు. 1/1000 పెడితే చుక్కలే మిగులుతాయి. 1/4 పెడితే గీతలన్నీ చిక్కుపడి గడ్డివాములా ఉంటుంది, పైగా నాన్న చేతులు చెదిరిపోతాయి. వైట్ బ్యాలెన్స్ (ఫొటోలో రంగుల తీరును నిర్ణయించే సెట్టింగు) 5000 కెల్విన్ దగ్గర కట్టేస్తే ఆ నారింజ రంగు నిలుస్తుంది.

మెషిన్ ఆన్ చేయకముందే, కోసే చోట టార్చ్ కొట్టి ఫోకస్ లాక్ చేసుకోండి. ఫోన్ ట్రైపాడ్ మీదే ఉండాలి. బటన్ నొక్కినప్పుడు కదలకుండా 2 సెకన్ల టైమర్ పెట్టండి.

నిలబడాల్సింది పక్కన, రవ్వలకు ఎదురుగా కాదు. అవి కరిగిన ఇనుప తునకలు, అద్దానికి తగిలితే అందులోనే అతుక్కుపోతాయి. నా పాత ఫోన్ కెమెరా అద్దం మీద మూడు నల్ల చుక్కలు ఇప్పటికీ ఉన్నాయి, గోటితో గీకినా రావు. మరి కంటికి తగిలితే? నాన్నతోపాటు మీరూ రక్షణ కళ్లద్దాలు పెట్టుకోండి, కాటన్ బట్టలే వేసుకోండి. థిన్నర్ డబ్బా, నూనె గుడ్డలు బయట పెట్టేయండి. ఫొటో బాగుంటుందని మెషిన్ గార్డు (చక్రం మీద ఉండే రక్షణ కవచం) మాత్రం తీయించకండి.

వెల్డింగ్ అలా తీయకూడదు. ఆ వెలుగు కెమెరాకే కాదు, కంటికీ చేటు. తీయాలనుకుంటే వెల్డింగ్ మాస్కు నల్లద్దం ఒకటి లెన్స్ ముందు పెట్టండి, మీరు ఇంకో మాస్కు వేసుకోండి.

రవ్వల తీరు లోహాన్ని బట్టి మారుతుంది. మామూలు ఇనుప రాడ్‌కి పొడవాటి రవ్వలు వస్తాయి. కార్బన్ ఎక్కువున్న పాత ఆకురాయి ముక్క పెట్టి చూడండి, గీత చివర కాకరపువ్వొత్తిలా చిట్లుతుంది. అల్యూమినియం పెట్టి సెట్టింగులు మారుస్తూ కూర్చోకండి, దానికి అసలు రవ్వలే రావు.