లా కమిషన్ నివేదిక చూపితే ఆస్తిలో వాటా వస్తుందా?

ప్రశ్న: నాకు 1979లో పెళ్లయింది. మా నాన్నగారికి పిత్రార్జితంగా వచ్చిన మాగాణి కావలి దగ్గర ఉంది. ఆయన 1998లో కాలం చేశారు. పంపకాల దస్తావేజు ఏదీ రాసుకోలేదు. పొలం మా తమ్ముళ్లిద్దరే చేసుకుంటున్నారు. వాటా అడిగితే ‘1985కు ముందు పెళ్లయిన ఆడపిల్లకు హక్కు లేదు’ అంటున్నారు. ఆడపిల్లలకు సమాన వాటా ఇవ్వాలని లా కమిషన్ 2000లోనే చెప్పిందనీ, ఆ నివేదిక నకలు కోర్టులో వేస్తే చాలుననీ తెలిసినవారొకరు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఆ నివేదికను నమ్ముకుని మాత్రం కోర్టుకు వెళ్లకండి. అందులో ఉన్న మాటే చట్టమై ఉంటే మీకు వాటా వచ్చేది కాదు.

మీ తమ్ముళ్లు చెబుతున్న మాటకు మూలం మన రాష్ట్ర చట్టంలోనే ఉంది. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో చేసిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చినట్లుగా, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెకు కుమారుడితో సమానంగా పుట్టుకతోనే హక్కు కల్పించింది. దేశమంతటికీ అటువంటి చట్టం రావడానికి ఇంకా ఇరవై ఏళ్లు పట్టింది కనుక, ఆ విషయంలో మనవారు ముందున్నారనే చెప్పాలి. అయితే అమలు తేదీకి ముందే పెళ్లయిన కుమార్తెలను ఆ సవరణ మినహాయించింది. 1979లో పెళ్లయిన మీరు ఆ మినహాయింపు కిందికే వచ్చారు.

చట్టాల్లో మార్పులపై ప్రభుత్వానికి సలహాలిచ్చే లా కమిషన్ జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి అధ్యక్షతన 2000 మే నెలలో ఇచ్చిన 174వ నివేదిక మన రాష్ట్ర సవరణతో పాటు తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక సవరణలనూ, ఉమ్మడి కుటుంబ వ్యవస్థనే రద్దు చేసిన కేరళ చట్టాన్నీ పక్కపక్కన పెట్టి పరిశీలించి, కుమార్తెలకు దేశవ్యాప్తంగా పుట్టుకతోనే హక్కు ఇవ్వాలని సిఫార్సు చేసింది. అంతవరకూ మీకు చెప్పినవారి మాట సరైనదే. కానీ, అప్పటికే పెళ్లయినవారికి పెళ్లిలో ఎంతో కొంత ముట్టే ఉంటుందనీ, వారిని కూడా చేరిస్తే కుటుంబాల్లో మనస్పర్థలు వస్తాయనీ తలచి, వారిని మినహాయించడమే సబబని కమిషన్ అదే నివేదికలో అభిప్రాయపడింది. పెళ్లినాడు పెట్టిన చీరెసారెలనూ మాగాణిలో వాటానూ ఒకే తక్కెడలో తూచిన ఆ వాదన నాకు ఎన్నడూ రుచించలేదు.

పార్లమెంటు 2005లో చేసిన సవరణ చట్టంలో ఆ మినహాయింపు లేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలులోకి వచ్చిన ఆ చట్టం ప్రకారం పెళ్లి ఎప్పుడు జరిగిందన్న ప్రశ్నే తలెత్తదు. ఆ తేదీకి తండ్రి జీవించి ఉండి తీరాలా అన్న సందేహాన్ని సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో 2020 ఆగస్టు 11న, అక్కర్లేదని తేల్చి తీర్చింది. కాబట్టి మీ నాన్నగారు 1998లో మరణించారన్నది మీకు అడ్డు కాదు. మీకు ప్రధానంగా అడ్డం రాగలిగింది ఇది: 2004 డిసెంబరు 20కి ముందే ఆ భూమి అమ్ముడై ఉండటమో, రిజిస్టరు దస్తావేజు ద్వారా గానీ కోర్టు డిక్రీ ద్వారా గానీ పంపకం జరిగి ఉండటమో. పెద్దమనుషుల సమక్షంలో నోటిమాటగా పంచుకున్నామని ఇప్పుడు అంటే, దానికి ఆనాటి ప్రభుత్వ పత్రాల బలం ఉంటే తప్ప కోర్టు ఒప్పుకోదు. పాసుపుస్తకంలోనూ అడంగల్‌లోనూ తమ్ముళ్ల పేర్లు ఎక్కినంత మాత్రాన మీ హక్కు పోదు. మీ అమ్మగారు ఉన్నారా లేదా అన్నదానిని బట్టి వాటా లెక్క మారుతుంది కనుక, ఆ వివరాలతో న్యాయవాదిని కలిసి భాగపరిష్కార దావా (ఆస్తి పంచి ఇప్పించమని వేసే దావా) సంగతి మాట్లాడండి, ఆలస్యం చేయకండి.

ఇక నివేదికకు అసలు విలువే లేదని కాదు. చట్టం ఏ ఉద్దేశంతో వచ్చిందో తెలుసుకోవడానికి న్యాయమూర్తులు అటువంటి నివేదికలను తిరగేస్తారు. అయితే అవి ప్రభుత్వానికి ఇచ్చే సలహాలు మాత్రమే; వాటిని పాటించి తీరాలన్న నిబంధన లేదు.

ప్రశ్న: లా కమిషన్ రాజ్యాంగబద్ధమైన సంస్థేనా? తెలుగువారెవరైనా అధ్యక్షులుగా పనిచేశారా?
– న్యాయశాస్త్ర విద్యార్థి, ఒంగోలు

జవాబు: కాదు. ప్రత్యేక చట్టం ద్వారా ఏర్పడిన సంస్థ కూడా కాదు. కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా మూడేళ్ల చొప్పున దీనిని నియమిస్తూ వస్తోంది. మెకాలే అధ్యక్షతన 1834లో ఏర్పడిన కమిషన్‌ను అలా ఉంచితే, స్వాతంత్ర్యం తర్వాత మొదటిది 1955లో ఎం.సి. సెతల్వాడ్ అధ్యక్షతన ఏర్పడింది. ఇరవై మూడో కమిషన్ గడువు 2024 సెప్టెంబరు 1న మొదలైంది. జస్టిస్ కె. జయచంద్రారెడ్డి, జస్టిస్ జీవన్‌రెడ్డి, జస్టిస్ ఎం. జగన్నాధరావు వరుసగా అధ్యక్షులు కావడంతో 14 నుంచి 17 వరకు కమిషన్ల పగ్గాలు తెలుగువారి చేతుల్లోనే ఉన్నాయి.

చట్టబద్ధత లేకపోవడం వల్ల కలిగే నష్టం కూడా చెప్పుకోవాలి. ఇరవై ఒకటో కమిషన్ గడువు 2018 ఆగస్టులో ముగిసింది. తర్వాతి కమిషన్‌ను 2020 ఫిబ్రవరిలో ప్రకటించినా, దానికి అధ్యక్షుడు వచ్చింది 2022 నవంబరులో. భారత శిక్షాస్మృతి స్థానంలో కొత్త చట్టం తేవాలనుకున్నప్పుడు కూడా 2020లో హోంశాఖ విడిగా ఒక కమిటీని వేసుకుంది. మెకాలే కాలంలో కమిషన్ చేపట్టిన మొదటి పెద్ద పనే ఆ శిక్షాస్మృతి ముసాయిదా కావడం ఇక్కడ గమనించదగినది.

ప్రశ్న: పనికిరాని పాత చట్టాలను లా కమిషన్ ఏరివేయిస్తోందని చదివాను. చెరువు కట్టలు, పంట కాలువల మరమ్మతుకు సంబంధించిన పాత చట్టాల గురించి కూడా ఆ కమిషన్‌కు రాయవచ్చా?
– రైతు, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: రాయకూడదనేమీ లేదు. కానీ మీ ఉత్తరం చేరవలసిన చోటు వేరు. 2014లో కమిషన్ 248 నుంచి 251 వరకు వరుసగా ఇచ్చిన నివేదికలు ప్రధానంగా పార్లమెంటు తొలగించగలిగిన చట్టాలను గురించినవి. సాగునీరు, కాలువలు, కట్టలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 17వ అంశం. నెల్లూరు 1953 అక్టోబరు 1 వరకు మద్రాసు రాష్ట్రంలో ఉండటం వల్ల మద్రాసు చట్టాలు మనకు వారసత్వంగా వచ్చాయి. వరదకు కట్ట తెగబోతుంటే ఊరివారందరూ వచ్చి పని చేయాలనీ, కుడిమరామత్తు (చెరువులు, కాలువలను ఊరివారే కలిసి బాగుచేసుకునే) పనికి రానివారి నుంచి డబ్బు వసూలు చేయవచ్చనీ చెప్పిన 1858 నాటి మద్రాసు చట్టం అటువంటిదే. ఇటువంటి అంశాల మీద చట్టాన్ని మార్చాలన్నా, తీసివేయాలన్నా శాసనసభే చేయాలి. నీటి వినియోగదారుల సంఘాలకు ఆధారమైన 1997 నాటి చట్టం కూడా శాసనసభ చేసినదే. కాబట్టి మీ సంఘం చేత తీర్మానం చేయించి, ఒక ప్రతిని మీ శాసనసభ్యునికీ, ఇంకొకటి రాష్ట్ర జలవనరుల శాఖకూ పంపండి.