సినిమా పాట వాయించనంటున్న అమ్మాయికి పియానోలో భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా అమ్మాయి ఈ ఏడాది పదో తరగతి పాసైంది. చిన్నప్పటి నుంచి పియానో నేర్చుకుంటోంది, ట్రినిటీ కాలేజ్ లండన్ పెట్టే ఎనిమిది గ్రేడ్ల సంగీత పరీక్షల్లో గ్రేడ్ 5 పూర్తి చేసింది. బాఖ్, బీథోవెన్, షోపాన్ తప్ప వేరేది ముట్టదు. చుట్టాలు వచ్చినప్పుడు ఒక్క సినిమా పాట వాయించు బిడ్డా అంటే ‘నాకు రాదు’ అని లేచి వెళ్లిపోతుంది. మన దగ్గర ఈ పాశ్చాత్య క్లాసికల్‌కు బతుకుదెరువు ఉంటుందా? సినిమా పాటల వైపు తిప్పమంటారా? ఇంటర్ ఎంపీసీ కోసం హైదరాబాద్‌లో హాస్టల్‌లో వేద్దామనుకుంటున్నాం. ఈ రెండేళ్లు పియానో ఆపేసి తర్వాత చూసుకోవచ్చా?

జవాబు: మీ ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. ఆపకండి. క్లాసికలా, సినిమా పాటలా అన్నది తర్వాతి సంగతి. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా స్టడీ అవర్లు నడిచే హాస్టల్‌లో వేస్తే ఆ ఎంపికకే అవకాశం ఉండదు. గ్రేడ్ 5 నుంచి 8 వరకు వెళ్లే దారిలోనే చేతులు గట్టిపడతాయి. థియరీ మర్చిపోతే పుస్తకం తీసి మళ్లీ చదువుకోవచ్చు. వేళ్లకు రెండేళ్ల విరామం వస్తే తిరిగి అదే స్థాయికి రావడానికి చాలా కాలం పడుతుంది, ఆ విసుగులో చాలామంది పిల్లలు పూర్తిగా వదిలేస్తారు. ఎంపీసీ చదివించండి, తప్పులేదు. ఎన్ఐటీ ఉన్న ఊళ్లో ఆ ఆశ ఏ ఇంట్లోనైనా ఉంటుంది. కానీ హనుమకొండలోనే, ఇంటి నుంచి వెళ్లి వచ్చే కాలేజీలో చదివించండి.

ఇక ‘నాకు రాదు’ అన్న మాట. అది పొగరని మీరు అనుకుంటున్నట్టున్నారు. అమ్మాయి చెప్పింది నిజమే కావచ్చు. బాఖ్ నేర్చుకునేవాళ్ల కోసం రాసిన ఇన్వెన్షన్లు అనే చిన్న రచనలు, రెండు గొంతులవి, 15 ఉన్నాయి. మీ అమ్మాయి వాటిలో మొదటిదైనా వాయించే ఉంటుంది. ఒకసారి పక్కన కూర్చుని వినండి. కుడిచేయి మన స్వరాల్లో చెప్పాలంటే ‘సరిగమరిగసప’ అని ఎత్తుకుంటుంది. ఆ చేయి ఇంకా ముందుకు పోతుండగానే ఎడమచేయి అదే మాటను కింది స్థాయిలో అందుకుంటుంది. అంటే రెండు చేతులూ రెండు వేర్వేరు పాటలు పాడాలి, ఒకటి రెండోదాన్ని మింగకూడదు. అదంతా కాగితం మీది నొటేషన్ చూసి చేస్తారు. సినిమా పాటకు కావాల్సింది వేరు. విని పట్టుకోవాలి, పాటను కుడిచేత్తో వాయిస్తూ ఎడమచేత్తో తగిన కార్డ్‌లు, అంటే ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు, అప్పటికప్పుడు వేయాలి. ఆ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. అందరి ముందూ అడిగితే ఏ పిల్లయినా లేచి వెళ్లిపోతుంది. దయచేసి దావత్‌లలో, ఫంక్షన్లలో ఆమెను అడగడం మానేయండి.

అయితే విని వాయించడం, కార్డ్‌లు వేయడం నేర్చుకోవాలనే నేనూ అంటాను. అది ఆమె ఇష్టాన్ని మార్చడానికి కాదు, రేపు పని దొరకడానికి. కాజీపేట, హనుమకొండ చర్చిల్లో కోయిర్ వెనుక వాయించేవాళ్లను చూడండి. పాడేవాళ్ల శ్రుతిని బట్టి అక్కడికక్కడ స్కేల్ మార్చేస్తారు. అలాంటివాళ్ల దగ్గర వారానికి ఒక గంట చాలు.

బతుకుదెరువు గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. కచేరీలు మాత్రమే చేసి బతికే పియానిస్టులు మన దేశంలో చాలా తక్కువ. ముంబైలో 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఉంది, కానీ ఆర్కెస్ట్రాలో వయొలిన్లకు ఉన్నట్టు పియానోకు వరుసల కొద్దీ కుర్చీలు ఉండవు. నిలకడైన ఆదాయం పాఠాలు చెప్పడంలోనే వస్తుంది. హైదరాబాద్ ఇంటర్నేషనల్ స్కూళ్లు, మ్యూజిక్ అకాడమీలు, ఆన్‌లైన్ క్లాసులు, ఇంటి దగ్గర ట్యూషన్లు. వీటిలో గ్రేడ్ పరీక్షలకు తయారుచేయగల టీచర్‌కు గిరాకీ ఉంటుంది, ఆ పరీక్షల సిలబస్‌లో ఎక్కువ భాగం ఆమెకు ఇష్టమైన సంగీతమే.

రెండో దారి సినిమా వైపే పోతుంది, మీరనుకున్న దారిలో మాత్రం కాదు. ఇళయరాజా చెన్నైలో ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నారు. 2025 మార్చిలో లండన్‌లో తన సింఫనీని రాయల్ ఫిల్‌హార్మోనిక్ కన్సర్ట్ ఆర్కెస్ట్రాతో వినిపించారు. ఇవాళ మన దక్షిణాది సినిమాల నేపథ్య సంగీతాన్ని బుడాపెస్ట్ లాంటి చోట్ల ఆర్కెస్ట్రాలతో రికార్డు చేయిస్తున్నారు. అక్కడి వాయిద్యకారులకు ట్యూన్ పాడి వినిపిస్తే సరిపోదు, ప్రతి వాయిద్యానికీ స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి)లో రాసి ఇవ్వాలి. అలా రాయగలవాళ్లు మన దగ్గర తక్కువ. బాఖ్ కూడా ఆ ఇన్వెన్షన్లను వేళ్ల కోసమే రాయలేదు, నేర్చుకునేవాళ్లకు స్వరరచన రుచి తెలియాలని 1723 నాటి ప్రతి మొదటి పేజీలోనే రాసుకున్నాడు. మీ అమ్మాయి ఈ వైపు వెళ్తుందో లేదో ఇప్పుడే తేల్చనక్కర్లేదు. ఖాళీ దొరికినప్పుడు నాలుగు లైన్లు సొంతంగా రాస్తోందా అన్నది గమనిస్తూ ఉండండి.

ఇంటర్ అయ్యేలోపు గ్రేడ్ 7 వరకు వస్తే మంచి వేగమే. గ్రేడ్ 8 తర్వాత ట్రినిటీవే ఏటీసీఎల్, దాని పైన ఎల్‌టీసీఎల్ అనే డిప్లొమాలు ఉంటాయి. ఇంటర్ తర్వాత పూర్తిగా సంగీతమే అంటే, ఏఆర్ రెహమాన్ 2008లో చెన్నైలో పెట్టిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ ఉంది. విదేశీ కాలేజీలు ఆడిషన్ చూసి తీసుకుంటాయి, ఖర్చు మాత్రం భారీగా ఉంటుంది, స్కాలర్‌షిప్ లేకుండా అటు వెళ్లమని నేను చెప్పను. ఒక హెచ్చరిక: ట్రినిటీ సర్టిఫికెట్‌ను మన దగ్గర యూనివర్సిటీ డిగ్రీగా చూడరు. కేంద్రీయ విద్యాలయంలో మ్యూజిక్ టీచర్ పోస్టుకైనా సంగీతంలో డిగ్రీ అడుగుతారు. అందుకే గ్రేడ్‌లతో పాటు ఏదో ఒక డిగ్రీ చేతిలో ఉండాలి.

ఇంట్లో ఉన్నది 61 కీల కీబోర్డ్ అయితే మార్చండి. 88 వెయిటెడ్ కీలు (అసలు పియానోలా నొక్కితే బరువుగా తగిలేవి), పెడల్ ఉన్న డిజిటల్ పియానో ఇక మీదట తప్పనిసరి. టీచర్ ఇక్కడ దొరక్కపోతే రెండు వారాలకోసారి ఆదివారం కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లి రావచ్చు, మిగతా క్లాసులు ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు.

కాలేజీలో ఫీజు కట్టేముందు ప్రిన్సిపాల్‌ను ఒక్క మాట అడగండి, సాయంత్రం స్టడీ అవర్ తప్పనిసరా అని. అవునంటే, రోజూ గంటన్నర ముందు పంపడానికి ఒప్పుకుంటారా అని అడగండి. ఒప్పుకోకపోతే ఇంకో కాలేజీ చూడండి.