మంచమంత ఎడం

నల్లగొండ,
20 మే 2021

బిడ్డా,

పొద్దంతా లాప్‌టాప్ ముందు కూర్చుని పిచ్చి లేస్తోందని మీ అమ్మతో అన్నావట. కాసేపు నడిచి రమ్మంటే ‘ఎక్కడికి పోవాలి, పోలీసులు ఆపరా’ అన్నావట. రిటైరయ్యేదాకా ఉత్తరాలు పంచుతూ తిరిగినవాణ్ణి. నడక గురించి, గేటు దగ్గర ముచ్చట గురించి నాకు కొంచెం తెలుసు. నువ్వు అడగలేదు, అయినా చెబుతున్నా.

ముందు టైము సంగతి. 12వ తారీఖు నుంచి కరోనా లాక్‌డౌన్ కదా, మనకు సడలింపు పొద్దున 6 నుంచి 10 దాకానే. ఆ నాలుగు గంటల్లోనే ఊరంతా కూరగాయలకు, కిరాణాకు ఎగబడుతుంది. గడియారం సెంటర్ దిక్కు అస్సలు పోకు. తొమ్మిదిన్నర దాటిందంటే షట్టర్లు దించేవాళ్లు, సైరన్ జీపులు, ఇంటికి ఉరికేవాళ్లు, అదో జాతర. ఆరింటికి బయటపడి ఏడున్నరకల్లా ఇల్లు చేరు. హైదరాబాద్‌లో ఉండి మరిచిపోయావేమో, మే నెలలో మన దగ్గర ఎనిమిదింటికే నెత్తి మాడుతుంది. ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే గల్లీలు పట్టుకో. తూర్పు వరస ఇళ్ల నీడ ఆ పూట దారంతా పరుచుకుని ఉంటుంది.

బండి మీద పానగల్ పోయి చెరువు కట్ట మీద నడుస్తానన్నావట. వద్దు. ఉదయసముద్రం ఎక్కడికీ పోదు. అక్కడి ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక గోడ మీద నీడ పొద్దంతా కదలకుండా నిలబడే ఉంటుంది, అదీ ఎక్కడికీ పోదు. ఇదంతా అయిపోయాక నేనే తీసుకుపోతా.

ఇప్పుడు మన నాలుగు గల్లీలే చాలు. రోజూ అదే దారి, అదే టైము. బోరు కొడుతుందంటావు, తెలుసు. కానీ దారి మారుస్తూ పోతే ఎవరికీ నువ్వు గుర్తుండవు. రోజూ ఆరూ పదికి కనపడే పిల్ల ఒకరోజు కనపడకపోతే ‘ఏమైంది, ఒంట్లో బాగాలేదా’ అని ఎవరో ఒకరు అడుగుతారు. నువ్వు కూడా అడగాలి. మన బజారులో పిల్లలందరూ అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉండి, ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్లు ఎంతమందో. నిన్నటి పేపరు ఇంకా గేటుకే ఉంటే, వాకిలి ఊడ్చి లేకపోతే, పాల ప్యాకెట్ ఎండలో పడి ఉంటే ఆగి పిలువు. ఫిట్‌నెస్ సంగతి నాకు తెలియదు గానీ, నడకకు ఇంతకంటే పని ఏముంటుంది?

పిలిచాక జర ఓపిక పట్టు. మర్రిగూడ దిక్కు పనిచేసినప్పుడు ఫ్లోరైడ్ నీళ్లకు నడుములు వంగిపోయినవాళ్ల ఇళ్లకు పోయేవాణ్ణి. మంచం మీది నుంచి లేచి గుమ్మం దాకా రావడానికి వాళ్లకు ఎంతసేపు పట్టేదో. రెండోసారి బెల్లు కొడితే కంగారుపడి పడిపోతారు. ఒకసారి కొట్టు, ‘మెల్లగా రండి, నేను ఇక్కడే ఉన్నా’ అని చెప్పు.

ఆరడుగులంటే టేపు పెట్టి కొలవనక్కర్లేదు. ఇద్దరి మధ్య పొడుగ్గా ఒక నులక మంచం వేసినంత. మాస్కుతో నిన్నెవరూ గుర్తుపట్టరు కాబట్టి ముందు ‘నేను ఫలానా వాళ్ల బిడ్డను’ అని చెప్పుకో. చెవులు సరిగా వినపడనివాళ్లు మన పెదాలు చూసి మాట అందుకుంటారు, ఇప్పుడు పాపం అదీ లేదు. అరిస్తే కసిరినట్టుంటుంది. మాటలు చిన్నగా, మెల్లగా, చేతులు ఊపుతూ చెప్పు.

కరోనా వచ్చిన ఇంటి ముందు ‘ఎవరికొచ్చింది, ఎట్లొచ్చింది’ అని మాత్రం అడగకు. ‘పాలు కావాలా, మందులు తేవాలా’ అంతే. మనిషి పోయిన ఇల్లయితే ఇంకా కష్టం. లోపలికి పోయి చెయ్యి పట్టుకునే వీలు లేదు. వెనకట చావు కబురుతో వచ్చే మూల చింపిన కార్డు ఇచ్చిన ఇంటి ముందు నేను వెంటనే సైకిల్ ఎక్కేవాణ్ణి కాదు. మాట్లాడేదేమీ ఉండదు, ఊరికే నిలబడేవాణ్ణి. నువ్వూ అట్లనే గేటు బయట నిలబడు. మాట వస్తే పోయినాయన గురించి నీకు తెలిసిన ఒక ముచ్చట చెప్పు. ‘ధైర్యంగా ఉండండి’ అనే మాట టీవీ వాళ్లకు వదిలెయ్.

మొన్న 14న రంజాన్ పండుగ కదా. మా పక్కింటి భాయ్ ఏటా కౌగిలించుకుని అలాయ్ బలాయ్ ఇవ్వనిదే వదలడు. ఈసారి తన వాకిట్లోనే నిలబడి గుండె మీద చెయ్యి పెట్టి తల వంచాడు, నేనూ అట్లనే చేశాను. తర్వాత షీర్ ఖుర్మా ఉన్న స్టీలు డబ్బా గోడ మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి పోయాడు, అప్పుడు నేను పోయి తీసుకున్నా. ఇంకా వేడిగా ఉంది, మూత కింద నెయ్యి తేలుతోంది. గోడ మీద ఇచ్చిపుచ్చుకోవడం నేర్చుకో, చాలా పనికొస్తుంది. డబ్బాను మాత్రం ఖాళీగా తిరిగి ఇవ్వకు. నేను రెండు మామిడిపళ్లు పెట్టి పంపాను.

కుక్కలతో పైలం. హోటళ్లు లేక అవి ఆకలి మీదున్నాయి. ఉరకకు, కళ్లలోకి చూడకు, చేతిలో కవరు ఊపకు. జేబులో రెండు బిస్కెట్లు ఉంటే దూరంగా వేసి నీ దారిన నువ్వు పో.

మా ఇల్లు నీ దారిలో చివర పెట్టుకో. అమ్మ బీపీ గోలీలు అయిపోవచ్చాయంటే చీటీ తెచ్చి గోడ మీద పెట్టు, మెడికల్ షాపు మా గల్లీ మలుపులోనే, తెచ్చి పెడతా. ఎల్లుండి తాటి ముంజలు తెప్పిస్తున్నా, నీ వాటా డబ్బాలో ఉంటుంది. డబ్బా మాత్రం తిరిగి ఇవ్వు, మీ పెద్దమ్మ లెక్క పెట్టుకుంటుంది.

ఇట్లు,
మీ పెద్దనాన్న