ఏరోనాటికల్ ఇంజనీరింగ్‌లో చేర్పించవచ్చా?

ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసిన మీ తమ్ముడు, శ్రీహరికోట రాకెట్లను చూసి చూసి ఏరోనాటికల్‌లోనే చేరతానని పట్టుపడుతున్నాడనీ, చేర్పించవచ్చా అనీ మీరు అడిగారు. తిరుపతిలో మా మేడ మీద నిలబడి, తూర్పు దిక్కున పీఎస్‌ఎల్‌వీ నిప్పుచుక్కలా పైకి లేవడాన్ని చూస్తూ పెరిగిన నేనూ ఆ పట్టుదలతోనే ఒక ప్రైవేటు కళాశాలలో ఆ బ్రాంచిలో చేరాను.

మొదటి రెండేళ్లలో విమానం ఊసు పెద్దగా ఉండదు. గణితం, థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ చదవాలి. దాదాపు మెకానికల్ వాళ్ల చదువే. మూడో ఏట ఏరోడైనమిక్స్, విమాన నిర్మాణాలు, ప్రొపల్షన్ వచ్చేసరికి ఆ గణితం ఒంటబట్టనివారు చతికిలబడతారు. మా తరగతిలో విమానాల బొమ్మలు గోడ నిండా అంటించుకున్నవారే డిఫరెన్షియల్ ఈక్వేషన్ల దగ్గర ముందుగా విసుగెత్తారు. అందువల్ల మీ తమ్ముడికి విమానాలంటే ఇష్టమా అన్నదానికన్నా, ఇంటర్ లెక్కలు ఇష్టంగా చేశాడా అన్నదే ముందుగా కనుక్కోండి.

నాకు ఈ చదువు విలువ తెలిసింది విండ్ టన్నెల్ దగ్గర, అంటే నమూనాల మీదికి వేగంగా గాలి పంపి పరీక్షించే సొరంగం దగ్గర. మోటారు కాలిపోయి అది ఏడాదికి పైగా మూలపడింది. అంతకాలం పాత బ్యాచి రీడింగులనే మా రికార్డుల్లో రాయించారు. బాగుచేయించాక నాకా (NACA) 0012 అనే ప్రామాణిక ఆకారపు రెక్క నమూనాను పెట్టాము. చివరి రెండంకెలు మందాన్ని చెబుతాయి: రెక్క ముందు అంచు నుంచి వెనుక అంచు దాకా ఉన్న వెడల్పులో 12 శాతం. దాని ఉపరితలం మీది సన్నని రంధ్రాల నుంచి వచ్చే గొట్టాలను పీడనం కొలిచే, రంగునీళ్లున్న మానోమీటరుకు కలిపాము. వచ్చే గాలికి రెక్క చేసే కోణం పెంచుతున్నకొద్దీ, రెక్క పైభాగంలో ముందు అంచుకు దగ్గరున్న రంధ్రాల గొట్టాల్లో నీళ్లు పైపైకి ఎగబాకాయి, ఎందుకంటే అక్కడ పీడనం అంతగా పడిపోతోంది. 14 డిగ్రీలు దాటి మరికాస్త తిప్పగానే ఆ నీటి మెట్లు ఒక్కసారిగా కుప్పకూలి, పైభాగపు గొట్టాలన్నీ ఇంచుమించు ఒకే మట్టానికి వచ్చాయి. గాలి ఉపరితలాన్ని విడిచిపెట్టింది; పుస్తకాల్లో దానినే స్టాల్ అంటారు. నాలుగేళ్లలో కంఠస్థం చేసినదంతా ఒక ఎత్తు, ఆ నీళ్లు జారిపోవడం ఒక ఎత్తు.

ఇక ఉద్యోగాల మాట. మన వైపు చాలామంది ఈ డిగ్రీనీ, విమాన నిర్వహణ ఇంజనీర్ల కోర్సునూ ఒకటే అనుకుంటారు. రేణిగుంటలో దిగిన విమానాన్ని పరీక్షించి, ఎగరడానికి యోగ్యమని సంతకం పెట్టడానికి పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే లైసెన్సు ఉండాలి. బీటెక్ పట్టా ఒక్కటే చేతిలో ఉంటే అది కుదరదు. బీటెక్ అనేది డిజైను, విశ్లేషణ, పరిశోధన వైపు దారి. ఆ పనుల్లో చాలావరకు బెంగళూరులోని హెచ్‌ఏఎల్ (విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ), ఎన్‌ఏఎల్ (విమాన పరిశోధనశాల) వంటి సంస్థల చుట్టూ ఉంటాయి. అక్కడా పోటీ గట్టిదే. ఇస్రో ఇంజనీర్ల నియామకాల్లోనేమో ఎక్కువ ఖాళీలు మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ వారికే వస్తాయి. రాకెట్ చూసి ఈ బ్రాంచి ఎంచుకున్నవారికి ఇది ఆలస్యంగా తెలిసే సంగతి, నాతో సహా. గేట్‌లో ఏరోస్పేస్ పేపర్ రాసి ఐఐటీలో ఎంటెక్ చేయాలన్న ఆలోచన ఉంటే మాత్రం ఈ డిగ్రీ బాగా పనికొస్తుంది. ఆ ఓపిక లేకపోతే మెకానికల్‌లో చేరి, ఎంటెక్‌లో ఇటు మళ్లడమే మేలని నా అభిప్రాయం.

చేర్పించాలనే నిర్ణయించుకుంటే, ఫీజు కట్టేముందు తమ్ముడిని వెంటబెట్టుకుని కళాశాలకు వెళ్లి, విండ్ టన్నెల్ మోటారు ఒకసారి వేసి చూపమని అడగండి. మానోమీటరు గొట్టాల్లో నీళ్లున్నాయో, దుమ్ము పేరుకుందో కూడా దగ్గరికి వెళ్లి చూడండి.