వీడియో గేమ్ చిప్‌ల సంగీతంపై పరిశోధన చేయవచ్చా?

ప్రశ్న: నేను బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా చిన్నాయన దాచుకున్న పాత టీవీ వీడియో గేమ్‌ను ఈ మధ్యే బాగు చేయించాం. అప్పటి నుంచి పాత కంప్యూటర్ల చిప్‌లపై కట్టిన సంగీతం, అంటే చిప్‌ట్యూన్, మీద నాకు ఆసక్తి బాగా పెరిగింది. కీబోర్డు వాయించడం కొంత వచ్చు. దీనిపై పరిశోధన చేయడానికి దారి ఉందా? ఇంట్లో వాళ్లు మాత్రం ఇది చదువు కిందికి రాదంటున్నారు.
- ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: తప్పకుండా ఉంది. వీడియో గేముల సంగీతాన్ని సంగీతశాస్త్రంలో భాగంగా అధ్యయనం చేసేవారికి విదేశాల్లో ప్రత్యేక సదస్సులు జరుగుతున్నాయి. ‘జర్నల్ ఆఫ్ సౌండ్ అండ్ మ్యూజిక్ ఇన్ గేమ్స్’ అనే పరిశోధన పత్రికను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణ సంస్థ 2020 నుంచి వెలువరిస్తోంది. ఇంట్లో వారికి ముందుగా ఆ పత్రికను చూపించండి. అయితే చిప్‌ట్యూన్ అంటే ఇష్టమని మాత్రమే రాసిన దరఖాస్తుకు ఏ విభాగంలోనూ చోటు దొరకదు. మీ దగ్గర ఒక ప్రశ్న ఉండాలి, అది ఆ చిప్ పనితీరులోంచే పుట్టాలి.

1982లో వచ్చిన కమడోర్ 64 కంప్యూటర్‌నే తీసుకోండి. బాబ్ యానెస్ రూపొందించిన దాని ధ్వని చిప్ ‘సిడ్’లో మూడు గొంతులు, అంటే ఒక్కోటి ఒకసారికి ఒకే స్వరం పలికే మూడు ధ్వని మార్గాలు, మాత్రమే ఉంటాయి. రాగానికి ఒకటి, మంద్రానికి ఒకటి, తాళానికి ఒకటి కేటాయిస్తే, మూడు స్వరాలు ఒకేసారి మోగే మేళవింపుకు (కార్డ్) ఇక చోటు మిగలదు. అందుకని స్వరకర్తలు ఒకే గొంతులో స, గ, ప స్వరాలను టీవీ తెర మారే వేగంతో, పాల్ అనే టీవీ ప్రసార పద్ధతిలోనైతే సెకనుకు 50 సార్లు, మార్చుతూ పోయారు. ఒక్కో స్వరం 20 మిల్లీసెకన్లే నిలుస్తుంది కాబట్టి, చెవికి అది వణుకుతున్న ఒకే మేళవింపుగా వినిపిస్తుంది. చిప్‌ట్యూన్ అనగానే గుర్తుకొచ్చే ఆ గలగల ఇలా పుట్టిందే. ఇక్కడ స్వరలిపి రాసిన కాగితం ఉండదు, ప్రోగ్రామే కృతి. దాన్ని చదవడానికి సంగీతజ్ఞానంతోపాటు చిప్‌కు నేరుగా ఆదేశాలిచ్చే అసెంబ్లీ భాష కూడా కావాలి, ఈసీఈ విద్యార్థిగా మీకున్న అనుకూలత అదే.

నన్నడిగితే, మీ ప్రశ్న మీ ఇంట్లోనే ఉంది. 1983లో జపాన్‌లో విడుదలైన నింటెండో గేమ్ యంత్రం ఫ్యామికామ్ చిప్‌లో రెండు పల్స్ (చదరపు తరంగం) గొంతులు, ఒక త్రికోణ తరంగం, ఒక శబ్ద రొద, రికార్డు చేసిన ధ్వనులకు ఒక మార్గం ఉంటాయి. మన ఊళ్లలో ‘క్యాసెట్లు’ పెట్టి ఆడిన టీవీ గేముల్లో చాలావరకు దానికి నకళ్లే. అలాంటి కొన్ని నకలు చిప్‌లలో పల్స్ తరంగపు 25 శాతం, 50 శాతం డ్యూటీ సైకిళ్లు (ఒక్కో ఆవృత్తిలో తరంగం పైస్థాయిలో ఉండే వంతు) తారుమారయ్యాయి. దానివల్ల పదునుగా వినిపించాల్సిన స్వరం డొల్లగా, డొల్లగా వినిపించాల్సింది పదునుగా పలుకుతుంది. అంటే వరంగల్‌లో ఒక తరం పిల్లలు విన్న ధ్వని, స్వరకర్త ఉద్దేశించిన ధ్వని ఒకటేనా? నా దృష్టిలో ఇది ఎంతో విలువైన పరిశోధనాంశం. పాత యంత్రాలు టీవీ మెకానిక్‌ల దుకాణాల్లో, ఇళ్ల అటకలపై ఉండగానే వాటిని సేకరించాలి. చిప్ మీద ముద్రించిన సంఖ్యను ఫొటో తీయండి, ఒకే గేమును ప్రతి యంత్రంలోనూ నడిపించండి, కళాశాల ప్రయోగశాలలోని ఆసిలోస్కోప్ (తరంగాన్ని తెరపై చూపే పరికరం)పై తరంగాన్ని నమోదు చేయండి. ఇంటర్నెట్‌లో దొరికే రికార్డింగులు ఎమ్యులేటర్‌వో (పాత యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్) అసలు యంత్రానివో తెలియనప్పుడు వాటిని ఆధారంగా తీసుకోకండి.

చిప్‌ట్యూన్ పేరుతో కోర్సు కోసం వెతకకండి. నాలుగో సంవత్సరం ప్రాజెక్టుగా ఈ కొలతల పని చేసి, తర్వాత సంగీతం, కంప్యూటింగ్ కలిసే చోటుకు వెళ్లడం మేలు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో సంగీత గ్రహణంపైనా, ఐఐటీ బాంబేలో సంగీత ధ్వని విశ్లేషణపైనా పరిశోధన జరుగుతోంది. వాయిద్యాలను, వాటిని వాడిన మనుషుల మాటలను కలిపి నమోదు చేసే పద్ధతి తెలుసుకోవాలంటే, వరంగల్‌లోనే ఉన్న తెలుగు విశ్వవిద్యాలయ జానపద గిరిజన విజ్ఞాన పీఠం అధ్యాపకులను కలవండి. కీబోర్డుతోపాటు పాశ్చాత్య స్వరలిపి చదవడం కూడా ఈ ఏడాదే నేర్చుకోండి, ఈ రంగంలోని వ్యాసాలు చాలావరకు అది వచ్చినవారి కోసమే రాసినవి. మీ చిన్నాయనను కూర్చోబెట్టి, ఆ గేమును ఎప్పుడు, ఎక్కడ కొన్నారో, క్యాసెట్లు ఎవరితో మార్చుకునేవారో అడిగి రికార్డు చేయండి. మీ పరిశోధనకు మొదటి ఇంటర్వ్యూ అదే అవుతుంది.