పదహారేళ్లకే స్కూటర్ లైసెన్సు వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు నిండాయి. ఇంటర్ కాలేజీకి వెళ్లడానికి ఇంట్లో ఉన్న 110 సీసీ స్కూటర్ కోసం లెర్నర్ లైసెన్సు తీసుకోవచ్చా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: వీలులేదమ్మా. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం, 16 ఏళ్లు నిండినవారు తల్లిదండ్రుల లిఖితపూర్వక సమ్మతితో నడపగలిగేది 50 సీసీకి మించని, గేర్లు లేని బండిని మాత్రమే. అంతకు మించితే 18 ఏళ్లు నిండాలి. 2019 సవరణ తర్వాత, మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకులకు లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలుశిక్ష, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. పైగా ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేవరకు లైసెన్సు రాదు. ఈ చివరి సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు, అందుకే నొక్కి చెబుతున్నాను. 18 నిండాక లెర్నర్ లైసెన్సు తీసుకుని, 30 రోజులు గడిచిన తర్వాత, అది చెల్లే ఆరు నెలల్లోగా డ్రైవింగ్ పరీక్షకు హాజరు కావచ్చు. అప్పటిదాకా బస్ పాస్ తీసి ఇవ్వండి.